స్టాన్లీకి చప్పట్లు ఎందుకు పడుతున్నాయి?

మీ ప్రశ్న పూర్తిగా చదివాను, మీరు పంపిన రిహార్సల్ వీడియో కూడా చూశాను. కొత్తగా చదివేవాళ్ళ కోసం ముందు విషయం క్లుప్తంగా చెప్తాను. హన్మకొండలో మీ బృందం టెనెసీ విలియమ్స్ రాసిన ‘ఎ స్ట్రీట్‌కార్ నేమ్డ్ డిజైర్’ నాటకాన్ని తెలుగులోకి తెచ్చుకుని రిహార్సల్ చేస్తోంది. న్యూ ఆర్లీన్స్‌లో జరిగే కథను కాజీపేట రైల్వే క్వార్టర్లకు మార్చారు. స్టాన్లీ లోకోషెడ్డులో మెకానిక్ అయ్యాడు. అతని భార్య స్టెల్లా, ఆమె అక్క బ్లాంచ్ కూలిపోయిన ఒక గడిలో, అంటే దొరల కోటలాంటి ఇంట్లో, పుట్టిన బిడ్డలు. స్టాన్లీకి వరంగల్ మాట పెట్టారు, బ్లాంచ్‌కి కోస్తా మాట పెట్టారు. తెలిసినవాళ్ళను పిలిచి ఒకసారి మొత్తం ఆడి చూపిస్తే, స్టాన్లీ కడుపుతో ఉన్న భార్యను కొట్టిన చోట ఈలలు పడ్డాయి. కంచం విసిరికొట్టిన చోట చప్పట్లు పడ్డాయి. మీకు గుండె గుబేలుమంది. స్టాన్లీ వేషం కట్టిన నటుడు మాత్రం “పబ్లిక్‌కు నచ్చుతుంది కద మేడం, ఎందుకు తగ్గించుడు” అంటున్నాడు. చివర స్టెల్లా మొగుణ్ణి వదిలి వెళ్ళిపోయేలా మార్చమని ఇంకొందరు ఒత్తిడి చేస్తున్నారు. మగవాడి పెత్తనాన్ని చూపిస్తే అది మెచ్చుకున్నట్టు అవుతోంది, చూపించకపోతే నాటకమే లేదు, ఏం చేయాలి అని అడిగారు. పాత్రల పేర్లు మీరు మార్చుకున్నారు గానీ, అందరికీ అర్థం కావడానికి నేను మూలంలోని పేర్లే వాడతాను.

నా జవాబు ఇది. స్టాన్లీని తగ్గించాల్సిన పని లేదు. అతని చుట్టూ ఉన్న మనుషుల మీద శ్రద్ధ పెట్టండి. స్టేజీ మీద మగ పెత్తనం తెలిసేది కొట్టే చేతిలో కన్నా ఎక్కువగా, ఆ చెయ్యి లేచాక గదిలో మిగతావాళ్ళు చేసే పనుల్లో. ఎవరు తల దించుకున్నారు, ఎవరు ముందుగా ఎవరి దగ్గరికి పోయారు, ఎవరు పత్తాలు (పేకముక్కలు) మళ్ళీ కలపడం మొదలుపెట్టారు. మీ వీడియోలో ఇవేవీ లేవు. స్టాన్లీ ఒక్కడే కదులుతున్నాడు. మిగతావాళ్ళు అతని డైలాగ్ అయిపోయేదాకా చేతులు వేలాడేసుకుని నిలబడుతున్నారు. నటులే అతన్ని చూస్తూ నిలబడితే కుర్చీల్లో కూర్చున్నవాళ్ళు ఇంకెవరిని చూస్తారు?

ఈ తిప్పలు మీ ఒక్కరివే అనుకోకండి. నాటకం పుట్టిన రోజు నుంచీ ఉన్నవే. 1947 డిసెంబర్ 3న న్యూయార్క్‌లోని ఈథెల్ బారీమోర్ థియేటర్‌లో ఎలియా కజాన్ దర్శకత్వంలో ఇది మొదలైంది. స్టాన్లీ వేషం మార్లన్ బ్రాండోది, అప్పటికి అతని వయసు 23. బ్లాంచ్‌గా జెస్సికా టాండీ. 855 ప్రదర్శనలు ఆడింది, 1948లో పులిట్జర్ బహుమతి వచ్చింది. బ్రాండో ఎంత సహజంగా, ఎంత ఆకర్షణగా చేశాడంటే జనం అతని పక్కన చేరి బ్లాంచ్‌ను చూసి నవ్వారు. హెరాల్డ్ క్లర్మన్ విమర్శకుడే కాదు, పేరున్న దర్శకుడు కూడా. సానుభూతి ఉండాల్సిన చోట ఉండకుండా స్టాన్లీ వైపు జారిపోతోందని ఆయన అప్పుడే పసిగట్టి రాశాడు. తర్వాత ఊరూరా తిరిగే బృందానికి ఆయనే దర్శకుడయ్యాడు. అందులో బ్లాంచ్ ఊటా హేగన్, స్టాన్లీ ఆంథనీ క్విన్. మాటలు అవే, సీన్లూ అవే, కానీ నాటకం బ్లాంచ్ వైపు నిలబడింది. ఒక్క డైలాగ్ మార్చకుండా దర్శకురాలిగా మీ చేతిలో ఎంత ఉందో దీన్ని బట్టి చూసుకోండి.

ఇక మీ ప్రదర్శనలో చప్పట్లకు బ్రాండోకి లేని కారణం ఇంకొకటి ఉంది. అది మీరు పెట్టిన యాస. దీని గురించి కాస్త ఎక్కువే మాట్లాడతాను, ఎందుకంటే మీ సమస్యలో సగం ఇక్కడే ఉంది.

మన సినిమాల్లో ఎన్నో ఏళ్ళు తెలంగాణ మాట రౌడీకో, నవ్వించే పాత్రకో ఇచ్చారు. మర్యాదస్తుల ఇంట్లో వేరే మాట. ఆ గాయం ఇక్కడ ఇంకా పచ్చిగానే ఉంది. అలాంటి హాల్లో కోస్తా మాట మాట్లాడే ఒక ఆడమనిషి వచ్చి, వరంగల్ మాట మాట్లాడే కార్మికుణ్ణి ‘జంతువు’ అంటుంది. అప్పుడు హాలు మొత్తం అతని పక్కకు పోతుంది. తర్వాత అతను కంచం విసిరితే ఆ చప్పట్లు పడేది ఆడదాన్ని అణిచినందుకు మాత్రమే అనుకోవద్దు. ‘మనోడు’ మాట పడి ఊరుకోలేదన్న సంబరం కూడా అందులో కలిసి ఉంది. మీరు తెలియకుండానే మొగుడూ పెండ్లాల నాటకాన్ని ప్రాంతాల నాటకం చేశారు.

మూలంలోనూ ఈ మెలిక ఉంది, నిజమే. బ్లాంచ్ అతన్ని ‘పోలక్’ అని తూలనాడుతుంది. పోలండ్ నుంచి వలస వచ్చినవాళ్ళను చిన్నచూపు చూసే తిట్టు అది. తాను నూటికి నూరుపాళ్ళు అమెరికన్‌నని అతను తిరగబడతాడు. యుద్ధంలో ఇంజనీర్ల దళంలో మాస్టర్ సార్జెంట్‌గా చేసి వచ్చినవాడు. అతని అవమానం నిజమైనదే, దాన్ని చులకన చేయకండి. కానీ విలియమ్స్ ఒక జాగ్రత్త తీసుకున్నాడు. బ్లాంచ్ ఎక్కడి మనిషో స్టెల్లా కూడా అక్కడి మనిషే. అక్క మాట్లాడే మాటే చెల్లెలు పుట్టింట్లో మాట్లాడింది. మీ నాటకంలో చెల్లెలిది వరంగల్ మాట, అక్కది కోస్తా మాట. అసలు మన గడిలో పుట్టిన బిడ్డలకు కోస్తా మాట ఎక్కడిది? ముగ్గురికీ ఈ నేల మాటే ఇవ్వండి. బ్లాంచ్‌ది పాత గడి ఆడవాళ్ళ నిదానమైన, ఉర్దూ పలుకుబడి కలిసిన మాట కావాలి. స్టాన్లీది షెడ్డు మాట. స్టెల్లా మాట మొగుడి దగ్గర ఒకలా, అక్క దగ్గర ఒకలా మారాలి. ఆ మార్పు వింటేనే ఆమె ఎంత సర్దుకుని బతుకుతోందో జనానికి తెలుస్తుంది.

గడి పెట్టడం మంచి ఆలోచనే, కానీ అది నిప్పుతో పని. మూలంలో వాళ్ళ పుట్టిల్లు బెల్ రీవ్ ఒక తోటల ఎస్టేటు. బానిసల చెమట మీద లేచిన సంపద. అందుకే గడి సరిగ్గా అతుకుతుంది. అయితే జనగామలోనో జగిత్యాలలోనో దొర బిడ్డ కష్టాలు చూసి కన్నీళ్ళు పెట్టుకునేవాళ్ళు తక్కువ. వెట్టి చేసినవాళ్ళ మనవలే మీ ముందు కూర్చుంటారు. దొర బిడ్డకు శాస్తి జరిగిందని లోలోపల అనుకునేవాళ్ళుంటే వాళ్ళను తప్పు పట్టలేం.

కానీ అదే గడిలో ఆడబాపలు ఉండేవాళ్ళు. దొర బిడ్డ పెళ్ళయి అత్తారింటికి పోతే వెంట అరణంగా పంపిన ఆడపిల్లలు. ఆ ఇంటి మగవాళ్ళ చేతుల్లో వాళ్ళ బతుకులు ఏమయ్యాయో మన ముసలివాళ్ళకు తెలుసు. పదో సీన్‌లో స్టాన్లీ బ్లాంచ్ మీద అత్యాచారం చేసినప్పుడు దాన్ని వర్గ పగగా చూపిస్తే, గడిలో దొర చేసిన పనే క్వార్టర్లో మెకానిక్ చేస్తున్నాడన్న సంగతి కనబడకుండా పోతుంది. దొర మీద పగ ఆడదాని ఒంటి మీద తీర్చుకుంటే దొర పద్ధతి గెలిచినట్టే. ఇది నా గట్టి అభిప్రాయం, ఇందులో రాజీ లేదు. మీరు అనుసరణే చేస్తున్నారు కాబట్టి బ్లాంచ్ నోట ఒకచోట ఆడబాప ప్రస్తావన తేవచ్చు. గడి ఎట్లా పోయిందో చెప్పే మొదటి సీన్ దానికి సరైన చోటు. అక్కడ ఆమె తన ఇంటి మగవాళ్ళ విచ్చలవిడితనం, వరసగా వచ్చిన చావులు, పోయిన భూములు ఏకరువు పెడుతుంది. ఆ ఇంట్లో ఇంకో ఆడపిల్లను కూడా ఆమె తలుచుకుంటే బ్లాంచ్ అమాయకురాలు కాదని తెలుస్తుంది. ఆమెకు జరగబోయేది మాత్రం దానివల్ల న్యాయం అయిపోదు.

ఇప్పుడు అసలు సీన్‌కు వద్దాం. మూడో సీన్, పేకాట రాత్రి. విలియమ్స్ మొదట్లో ఈ నాటకానికి ‘ద పోకర్ నైట్’ అనే పేరు పెట్టుకున్నాడు, కాబట్టి ఇది ఎంత ముఖ్యమో ఊహించండి. మీరు పోకర్ బదులు మూడుముక్కలాట పెట్టారు, బాగుంది. స్టాన్లీ రేడియోను కిటికీలోంచి విసిరేస్తాడు, స్టెల్లా అడ్డం వస్తుంది, ఆమెను కొడతాడు. మీ వీడియోలో ఈ దెబ్బ స్టేజీ మధ్యలో, లైటు కింద, పెద్ద చప్పుడుతో పడింది. ఈల అక్కడే వచ్చింది.

ఒకసారి మూలం తీసి చూడండి. స్టెల్లా వెనక్కి జరుగుతూ కనుమరుగవుతుంది, అతను మీదికి పోతాడు. దెబ్బ చప్పుడు వినబడుతుంది, ఆమె అరుస్తుంది. అంతే. దెబ్బ కనబడదు. విలియమ్స్ దాన్ని తెర వెనక పెట్టి, ఆ తర్వాత జరిగేదాన్ని మన కళ్ళ ముందు పెట్టాడు. మగవాళ్ళంతా ఉరికి స్టాన్లీని పట్టుకుంటారు. పట్టుకుని ఏం చేస్తారు? అతనితో మెల్లగా, ప్రేమగా మాట్లాడతారు. అతను ఒకరి భుజం మీద తల వాలుస్తాడు. షవర్ కిందికి తీసుకుపోతారు. కడుపుతో ఉండి దెబ్బ తిన్న మనిషి దగ్గరికి ఆ మగవాళ్ళలో ఒక్కరూ పోరు. ఆమెను పైఅంతస్తు యూనిస్ దగ్గరికి తీసుకుపోయేది అక్క బ్లాంచ్. స్టాన్లీ స్నేహితుడు, బ్లాంచ్ మీద మనసు పడే మిచ్ మంచివాడని అందరూ అనుకునే మనిషి కదా, అతని నోట వచ్చే మాట ఏమిటంటే, ఆడవాళ్ళున్న ఇంట్లో పేకాట పెట్టకూడదని. తప్పు ఆడవాళ్ళు అక్కడ ఉండటంలో ఉందన్నమాట.

మీరు డైరెక్ట్ చేయాల్సింది ఇదీ. ఆ ముగ్గురు నటులకూ స్టాన్లీకి ఇచ్చినంత రిహార్సల్ ఇవ్వండి. ఒకడు అతని వీపు నిమరాలి. ఒకడు కింద పడిన పైసలు ఏరి లెక్క పెట్టుకోవాలి. దెబ్బ కనబడకపోతే ఈల వేయడానికి ఏమీ ఉండదు. కొట్టినవాణ్ణి ఓదార్చే మగవాళ్ళను చూస్తే ఈల రాదు. హాల్లో చాలామందికి తాము ఎప్పుడో ఒకప్పుడు అలా వీపు నిమిరిన సంగతి గుర్తొస్తుంది.

ఇదంతా అమెరికా వ్యవహారం అని మీ నటులకు అనిపిస్తే విరాటపర్వం గుర్తు చేయండి. మన చిందు బాగోతాల్లో, యక్షగానాల్లో చూసిన కథే. 1885లో సురభి వాళ్ళ ప్రయాణం మొదలైంది కూడా కీచకవధతోనే. కీచకుడు సభలోకి తరుముకొచ్చి అందరూ చూస్తుండగా ద్రౌపదిని తంతాడు. రాజు విరాటుడు ఏమీ అనడు, బావమరిది, సేనాపతి కదా. భీముడు లేవబోతే ధర్మరాజు ఆపుతాడు. ఆపి ద్రౌపదితో అనే మాట వ్యాసభారతంలో ఒళ్ళు జలదరించేలా ఉంటుంది. నటకత్తెలా ఇక్కడ నిలబడి ఏడుస్తున్నావు, సభలో జూదం ఆడుతున్నవాళ్ళకు అడ్డం వస్తున్నావు అంటాడు. తిక్కన ద్రౌపది దానికి జవాబిస్తుంది. అవును కంకభట్టూ (మారువేషంలో ధర్మరాజు పేరు), నా మొగుడు నటుడే, పెద్దలు ఎలా ఉంటే చిన్నవాళ్ళూ అలాగే. అంతటితో ఆగదు. నటుడే కాదు జూదరి కూడా, జూదరి పెండ్లానికి గౌరవం ఎక్కడిది అని ఆయన మొహం మీదే అంటుంది.

విరాటుడి కొలువులో పాచికలు, న్యూ ఆర్లీన్స్ గదిలో పత్తాలు. రెండుచోట్లా ఆడమనిషి దెబ్బ తింటుంది, రెండుచోట్లా ఆట పాడైందన్నదే మగవాళ్ళ బాధ. కీచకుడు ఒక్కడే ఆ సభలో మదమెక్కినవాడు. మిగతావాళ్ళు ధర్మం తెలిసినవాళ్ళు. వాళ్ళ మౌనం లేకపోతే కీచకుడు ఆ గడప దాటి బయటికి నడిచి పోయేవాడా? మీ నటులను ఒకరోజు కూర్చోబెట్టి ఈ ఘట్టం తిక్కనలో చదివించండి. చదివాక పేకాట సీన్ రిహార్సల్ చేయండి. తేడా మీకే తెలుస్తుంది.

గొంతు గురించి. మన పద్య నాటకంలో రాగం తీస్తే ‘వన్స్ మోర్’ అని అరిచే అలవాటు ఉంది. అక్కడ చప్పట్లు గాత్రానికి పడతాయి, పాత్ర గుణంతో పని లేదు. దుర్యోధనుడికీ పడతాయి, హరిశ్చంద్రుడికీ పడతాయి. ఆ సంప్రదాయం నాకు ప్రాణం, దాన్ని తక్కువ చేయను. కానీ ఆ అలవాటు చెవులతో వచ్చిన జనం ముందు మీ స్టాన్లీ పైఅంతస్తుకు పోయిన భార్య కోసం మైకు దగ్గరికొచ్చి గొంతు చించుకుని ‘స్టెల్లా’ అని అరిస్తే చప్పట్లు ఖాయం. ఆ కేక ఎంత పేరు తెచ్చుకుందంటే న్యూ ఆర్లీన్స్‌లో విలియమ్స్ పేరిట జరిగే ఉత్సవంలో ఏటా ఆ కేక పోటీ పెడతారు. మీ నటుడు దాన్ని పోటీలా వేయకూడదు. మత్తు దిగిపోయి, తడి బట్టలతో, తల్లి కనబడని పిల్లాడి భయం అతని గొంతులో ఉండాలి. స్టెల్లా మెట్లు దిగి వస్తుంది, అతను మోకాళ్ళ మీద కూలబడి ఆమె పొట్టకు మొహం ఆనిస్తాడు. కొట్టడం, ఏడవడం, కాళ్ళ మీద పడటం, మళ్ళీ దగ్గరవడం. ఈ చక్రం తిరుగుతూ ఉంటుంది కాబట్టే ఇలాంటి కాపురాలు ఏళ్ళ తరబడి నడుస్తాయి. ఆ ఏడుపు అబద్ధం అన్నట్టు ఆడించవద్దు. నిజంగానే ఏడుస్తాడు, మళ్ళీ కొడతాడు.

అసలు పెత్తనానికి అరుపుతో పని లేదు. ఒగ్గు కథలో ఎల్లమ్మ కథ విన్నవాళ్ళకు ఇది తెలుసు. జమదగ్ని చెయ్యి ఎత్తడు. రేణుక తల నరకమని కొడుకులకు ఆజ్ఞ ఇస్తాడంతే. పరశురాముడు గొడ్డలి ఎత్తుతాడు. తండ్రి మాట కొడుకు చేతిలో పని చేసింది. మీ నాటకంలో రెండో సీన్ అలాంటిదే. నెపోలియన్ చట్టం ప్రకారం భార్య ఆస్తి మొగుడి ఆస్తే అని స్టాన్లీ వాదిస్తూ బ్లాంచ్ పెట్టె తెరిచి బట్టలు బయటికి లాగుతాడు. మీ వీడియోలో అక్కడ కూడా అరుస్తున్నాడు. అక్కడ మామూలు గొంతుతో, తహసీల్ ఆఫీసులో కాగితాలు తిరగేసేవాడిలా మాట్లాడించండి. చట్టం తన వైపు ఉందనుకునేవాడికి అరవాల్సిన అవసరం ఏముంది?

కాజీపేటను ఎంచుకున్నందుకు మీకు దొరికిన వరం ఒకటుంది, మీరు ఇంకా వాడుకోలేదు. నాలుగో సీన్‌లో బ్లాంచ్ చెల్లెలితో స్టాన్లీని ఆదిమానవుడితో పోల్చి మాట్లాడుతుంటే, రైలు చప్పుడులో అతను లోపలికి రావడం వాళ్ళకు వినబడదు. అంతా విని, రైలు పోయాక అప్పుడే వచ్చినట్టు పిలుస్తాడు. స్టెల్లా పోయి అతన్ని గట్టిగా వాటేసుకుంటుంది. ఆమె తల మీదుగా అతను బ్లాంచ్‌ను చూసి నవ్వుతాడు. రైల్వే క్వార్టర్లలో పుట్టి పెరిగినవాళ్ళకు రైలు వస్తుంటే మాట ఆపడం, పోయాక అందుకోవడం ఒంటికి పట్టిన అలవాటు. ఆ చప్పుడును సీన్ సీన్‌కూ నింపేసి పాడు చేయకుండా దీనికోసం దాచుకోండి.

ఎనిమిదో సీన్ కంచం విషయం. చేతులు కడుక్కుని వచ్చి కంచాలు తీయమని స్టెల్లా అంటుంది. అతను కంచం నేలకేసి కొట్టి, ఈ ఇంటికి నేను రాజును అంటాడు. నా చోటు నేను ఖాళీ చేశాను, మీవీ తీయమంటారా అని అడిగి బయటికి పోయి సిగరెట్ ముట్టిస్తాడు. మీరు అక్కడే లైటు ఆర్పేశారు. అందుకే చప్పట్లు, పంచ్ డైలాగ్ మీద సీన్ అయిపోయింది కదా. ఆర్పొద్దు. మూలంలో ఆ తర్వాత స్టెల్లా సన్నగా ఏడవడం మొదలుపెడుతుంది. ఆ ముక్కలు ఎవరో ఒకరు ఎత్తాలి. కడుపుతో ఉన్న మనిషి వంగి పెంకులు ఏరడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపూ పట్టనివ్వండి. చప్పట్లు మొదలైనా ఆమె ఏరుతూనే ఉండాలి, ఆగిపోయేదాకా.

చూసేవాళ్ళు నమ్మదగిన ఇంకో చూపు స్టేజీ మీద ఉండటం కూడా ముఖ్యం. కన్యాశుల్కంలో గిరీశాన్ని చూడండి. 1892లో మొదటిసారి ఆడినప్పటి నుంచీ జనం అతన్ని ప్రేమిస్తూనే ఉన్నారు, అతను మోసగాడని తెలిసి కూడా. కానీ అతని పక్కన గురజాడ మధురవాణిని నిలబెట్టాడు. ఆమె అతన్నీ, రామప్పపంతుల్నీ ఇద్దరినీ చదివేసింది. పూటకూళ్ళమ్మ చీపురుకట్టతో వస్తే పెద్దమనుషులు మంచం కింద దూరే సీన్‌లో మనం మధురవాణి కళ్ళతో చూస్తాం. స్ట్రీట్‌కార్‌లో ఆ సౌకర్యం లేదు. స్టాన్లీని సరిగ్గా చదివింది బ్లాంచ్ ఒక్కతే, ఆమేమో వయసు దాచుతుంది, తాగుడు దాచుతుంది, గతం దాచుతుంది. అబద్ధాలాడే మనిషి నోట నిజం వస్తే ఎవరు నమ్ముతారు? కాబట్టి మీ బ్లాంచ్‌ను వయ్యారాల కోసం ఎంచుకున్న నటిగా మిగల్చవద్దు. ఆమె తెలివి, చదువు చెప్పిన టీచర్ పదును, ఎగతాళిలో చురుకు మొదటి సీన్ నుంచే కనబడాలి. వీడియోలో ఆ అమ్మాయి మొదటి నుంచీ వణుకుతోంది. మొదలే ఓడిపోయిన మనిషి మీద ఎవరు గెలిస్తే ఏముంది?

మిచ్‌ను కూడా మరిచిపోకండి. తల్లిని కనిపెట్టుకునే మెత్తటి మనిషి. బ్లాంచ్ గతం తెలిశాక తొమ్మిదో సీన్‌లో తాగొచ్చి, మా అమ్మ ఉన్న ఇంటికి తీసుకుపోయేంత శుభ్రమైనదానివి కాదని అంటూనే ఆమె ఒంటి కోసం చెయ్యి చాస్తాడు. పెళ్ళికి పనికిరానిది దానికి మాత్రం పనికొస్తుంది. స్టాన్లీని చూసి ‘నేను అట్లాంటోణ్ణి కాదు’ అనుకునే మగవాళ్ళకు మిచ్‌ను చూస్తే అలా అనుకోవడం కష్టం. నా దృష్టిలో మీ బృందంలో అందరికన్నా మంచి నటుడికి ఇవ్వాల్సిన వేషం ఇదే.

మగతనాన్ని ఆడించడంలో మగవాళ్ళకు ఉండే ఇబ్బంది, అది తమకు పుట్టుకతో వచ్చిందనుకోవడం. దీనికి నేను రిహార్సల్స్‌లో చేయించే పని ఒకటి చెప్తాను. ఒక పూట వేషాలు మార్చండి. స్టెల్లా చేసే అమ్మాయి స్టాన్లీ కుర్చీలో కూర్చోవాలి, స్టాన్లీ చేసే అబ్బాయి అన్నం వడ్డించాలి. కాళ్ళు ఎంత చాచాలి, తినేటప్పుడు ఎవరి మొహం చూడాల్సిన పని లేదు, ఎవరు మాట్లాడుతున్నా మధ్యలో అందుకోవచ్చు, ఇవన్నీ నేర్చుకుని చేసే పనులని వాళ్ళకు అప్పుడు తెలుస్తుంది. ఇది మన దగ్గర కొత్తేమీ కాదు. నిజామాబాద్ వైపు చిందుల ఎల్లమ్మ మగ వేషాలు కట్టి మెప్పించింది. స్థానం నరసింహారావు ఆడ వేషాలతోనే పద్మశ్రీ దాకా వెళ్ళాడు. చిందు యక్షగానానికి 2024లో పద్మశ్రీ అందుకున్న గడ్డం సమ్మయ్య మన జనగామ జిల్లా మనిషే. ఆ కుటుంబ మేళాల్లో ఆడా మగా కలిసి వేషాలు కట్టే పద్ధతిని మీ నటులు వీలైతే వెళ్ళి చూడాలి. అంతెందుకు, ఓరుగల్లు సింహాసనం మీద కూర్చోవడానికి రుద్రమ మగ బట్టలు కట్టాల్సి వచ్చింది, శాసనాల్లో రుద్రదేవ మహారాజు అనిపించుకోవాల్సి వచ్చింది.

ఇక ముగింపు. స్టెల్లా వెళ్ళిపోయేలా మార్చవద్దు. 1951 సినిమాలో ఆ పని చేశారు. తప్పు చేసినవాడికి శిక్ష పడాలన్న హాలీవుడ్ సెన్సార్ నియమాల ఒత్తిడితో, చివర స్టెల్లా బిడ్డను ఎత్తుకుని ఇక తిరిగి రానంటూ పై ఇంటికి పోతుంది. ఇబ్సెన్ ‘డాల్స్ హౌస్’కు దీనికి తలకిందులుగా జరిగింది. 1879లో ఆ నాటకంలోని భార్య నోరా మొగుణ్ణీ పిల్లల్నీ వదిలి తలుపు వేసి వెళ్ళిపోయింది. మరుసటి ఏడాది జర్మనీలో ఒక నటి, కన్నతల్లిగా నేనైతే పిల్లల్ని వదిలి పోనని పట్టుబట్టింది. నోరా ఆగిపోయేలా ఇంకో ముగింపు ఇబ్సెనే రాసివ్వాల్సి వచ్చింది. దాన్ని ఆయన అనాగరికమైన దౌర్జన్యం అన్నాడు. వెళ్ళినామెను ఆపారు, ఆగినామెను పంపించారు. రెండుచోట్లా చూసేవాళ్ళ మనసు కుదుటపరచడమే జరిగింది.

విలియమ్స్ నాటకంలో స్టెల్లా ఒక మాట అంటుంది. అత్యాచారం గురించి అక్క చెప్పింది నమ్మితే స్టాన్లీతో కాపురం చేయలేను అని. నమ్మొద్దు, బతుకు సాగాలి కదా అంటుంది యూనిస్. ఆ యూనిస్ మొగుడి చేత దెబ్బలు తినేదే. ఇద్దరు ఆడవాళ్ళు కలిసి ఒక నిజాన్ని పాతిపెట్టి ఇల్లు నిలబెట్టుకుంటారు. పెత్తనం ఎట్లా నిలబడుతుందో ఇంతకన్నా సూటిగా చెప్పిన సీన్ నాకు తెలిసి తక్కువ. దాన్ని తీసేసి స్టెల్లాను గడప దాటిస్తే జనం తేలికపడి ఇంటికి పోతారు. చివరి డైలాగ్ కూడా పేకాట గురించే, ఆ రోజు ఏ ఆట ఆడుతున్నారో ఒకడు ప్రకటిస్తాడు. దాన్ని వదలకండి. బ్లాంచ్‌ను పిచ్చాసుపత్రికి తీసుకుపోతుంటే మిచ్ బల్ల మీద తల పెట్టి ఏడుస్తాడు, మిగతావాళ్ళు ఆటకు కూర్చుంటారు. మీరు మూడో సీన్‌ను నేను చెప్పినట్టు కట్టి ఉంటే ఇక్కడ ఎవరూ ఏమీ వివరించాల్సిన పని ఉండదు.

పదో సీన్ గురించి మీరు అడగలేదు, అయినా చెప్పాలి. అత్యాచారాన్ని చూపించకండి, మూలంలోనూ చూపించలేదు. ఆమె చేతిలో పగిలిన సీసా జారిపోతుంది, అతను ఆమెను ఎత్తుకుని మంచం వైపు పోతాడు, అంతే. ఆ కదలికలన్నీ డాన్స్ స్టెప్పుల్లా ముందే లెక్కపెట్టి ఖాయం చేసుకోండి. ఏ చెయ్యి ఎక్కడ పడుతుందో ఇద్దరికీ తెలిసి ఉండాలి. స్టేజీ మీద కొత్తగా ఏదీ ‘ఫీలై’ చేయకూడదని స్టాన్లీ నటుడికి అందరి ముందే చెప్పండి. ఆ అమ్మాయి వద్దంటే రిహార్సల్ అక్కడే ఆగాలి, ఎందుకని ఎవరూ అడగకూడదు. ఆ పూట మీరు కాక ఇంకో ఆడమనిషి గదిలో ఉండేలా చూసుకోండి. మగ పెత్తనం మీద నాటకం వేస్తూ రిహార్సల్ గదిలో అదే నడిపించే బృందాలు ఉన్నాయి, మీది అలా కాకూడదు.

మిగిలింది అనుమతి. విలియమ్స్ 1983లో చనిపోయాడు. మన చట్టంలో రచయిత పోయాక 60 ఏళ్ళు కాపీరైట్ ఉంటుంది, అంటే 2043 చివరి దాకా. హక్కులు ఆయన వీలునామా ప్రకారం అమెరికాలో సీవానీ ఊళ్ళోని యూనివర్సిటీ ఆఫ్ ద సౌత్‌కు వెళ్ళాయి. కాలేజీ లోపల విద్యార్థులు, సిబ్బంది, వాళ్ళ తల్లిదండ్రుల ముందు మాత్రమే ఆడే ప్రదర్శనలకు చట్టంలో కొంత మినహాయింపు ఉంది. కాళోజీ కళాక్షేత్రం లాంటి చోట టికెట్ పెట్టి ఆడితే అది వర్తించదు, అనువాదానికీ అనుసరణకూ అనుమతి విడిగా కావాలి. కథను కాజీపేటకు మార్చిన సంగతి దాచకుండా రాసి అడగండి. జవాబు రావడానికి టైం పడుతుంది కాబట్టి హాలు బుక్ చేసేముందే ఈ ఉత్తరం పంపండి.